పెరోటిడ్ గడ్డ అనుకున్న చెంప వాపు: మాసెటర్ కండరంలో సిరల వైకల్యం, ఒక కేసు

23 ఏళ్ల అమ్మాయి ఎడమ చెంప మీద వాపుతో వాళ్లమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. వాపు మొదలై ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో దానికి నాలుగు పేర్లు పెట్టారు.

మొదట గవదబిళ్లలు అన్నారు. తగ్గకపోయేసరికి జ్ఞానదంతం వల్ల అన్నారు. ఆ పన్ను తీయించుకుంది, వాపు అలాగే ఉంది. పన్ను కోసం తీసిన, రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో దవడ ఎముక మీద రెండు తెల్లటి చుక్కలు కనిపించాయి కాబట్టి లాలాజల గ్రంథిలో రాయి అన్నారు. నీళ్లు బాగా తాగమని, పుల్లటి బిళ్లలు చప్పరించమని చెప్పారు. ఏడాది పాటు చప్పరించింది. నాలుగో పేరు నేను పెట్టిందే. "ఎడమ పెరోటిడ్ గడ్డ, ప్లియోమార్ఫిక్ అడినోమా కావచ్చు" అని రాసి, సూది పరీక్షకు పంపాను. పెరోటిడ్ అంటే చెవి ముందుండే లాలాజల గ్రంథి, ప్లియోమార్ఫిక్ అడినోమా అంటే దానిలో వచ్చే, క్యాన్సర్ కాని గడ్డ.

నాలుగూ తప్పే. అది మాసెటర్ అనే, నమిలేటప్పుడు దవడను బిగించే చెంప కండరం లోపల ఉన్న సిరల వైకల్యం. పాత పుస్తకాల భాషలో ఇంట్రామస్కులర్ హెమాంజియోమా. అరుదైనదే, కానీ ఈ కేసులో దాన్ని పట్టుకోవడానికి కావలసినవన్నీ మొదటి రోజే నా ముందు ఉన్నాయి. వాటిలో ఏవి చూశాను, ఏవి వదిలేశాను అన్నది రాయడానికే ఇది. రోగి అనుమతి తీసుకున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలేవీ ఉంచలేదు.

మొదటి రోజు

వాపు దవడ మూలకు రెండు వేళ్ల పైన, చెవి ముందుకు కాస్త జరిగి ఉంది. మెత్తగా ఉంది, నొక్కితే కొంచెం అణిగింది. మీది చర్మం మామూలుగానే ఉంది, నీలం రంగు లేదు, వేడి లేదు. వేలికి నాడి కొట్టుకోవడం తగల్లేదు. ముఖంలో బలహీనత లేదు. నోరు బాగానే తెరుస్తోంది. మెడలో బిళ్లలేవీ లేవు. గట్టి పదార్థం నమిలిన తర్వాత చెంప బరువెక్కి, లోపల సలుపుతున్నట్టు ఉంటుందని చెప్పింది.

పెరోటిడ్ అని ఎందుకనుకున్నాను? అది ఉండే చోటు అలాంటిది కాబట్టి. చెవి ముందు వాపు కనిపిస్తే ఈఎన్‌టీ డాక్టరు చేతులు పెరోటిడ్ అనే అంటాయి, ఎక్కువసార్లు అది నిజమే అవుతుంది. మాసెటర్ వెనక భాగం మీద పెరోటిడ్ గ్రంథి దుప్పటిలా పరుచుకొని ఉంటుంది. పైనుంచి తడిమితే ఏది గ్రంథిలో ఉంది, ఏది దాని కింది కండరంలో ఉంది అని చెప్పడం కష్టం. ఇది సాకు కాదు. తేడా చెప్పడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది, దాన్ని నేను చేయలేదు: పళ్లు గట్టిగా కొరకమనడం.

ఆ రోజు నోట్సు మళ్లీ చదివితే ఇంకో రెండు సూచనలు కనిపిస్తాయి. "చెవితమ్మె పైకి లేవలేదు" అని రాసుకున్నాను. పెరోటిడ్ తోక భాగంలో పెరిగే గడ్డలు చాలాసార్లు చెవితమ్మెను ఎత్తుతాయి, ఇక్కడ అలా లేదు. "గ్రంథిని నొక్కితే నాళం నుంచి తేటగా లాలాజలం వచ్చింది" అని కూడా రాశాను. పై రెండో దవడపన్నుకు ఎదురుగా, చెంప లోపలి వైపు తెరుచుకునే నాళం అది. ఐదేళ్లుగా రాయి అడ్డం పడిన నాళంలోంచి అంత తేటగా, అంత ధారాళంగా రాదు. ఈ రెండింటినీ రాసి పెట్టుకొని, వాటి అర్థాన్ని మాత్రం పట్టించుకోలేదు.

నొప్పి గురించి కూడా అంతే. రాయి వల్ల వచ్చే నొప్పి తిండి ఎదుటికి రాగానే, పులుపు నాలుకకు తగలగానే మొదలవుతుంది. లాలాజలం ఊరి, బయటికి దారిలేక గ్రంథి ఉబ్బుతుంది కాబట్టి. ఈ అమ్మాయికి పుల్లటి బిళ్ల చప్పరిస్తే ఏమీ అయ్యేది కాదు, అందుకే ఏడాదిపాటు చప్పరించగలిగింది. పది నిమిషాలు గట్టిగా నమిలితేనే సలుపు. అంటే నొప్పి గ్రంథిది కాదు, నమిలే కండరానిది. "తినేటప్పుడు నొప్పి" అని ఇద్దరు రోగులు ఒకే మాట చెప్పినా, తినబోతుంటే వచ్చే నొప్పి వేరు, తిన్నాక వచ్చేది వేరు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

సూది

ఎఫ్‌ఎన్‌ఏసీలో (ఆ సూది పరీక్షలో) సిరంజి నిండా ముదురు రంగు రక్తం వచ్చింది. మా పాథాలజిస్టు రెండోసారి ఇంకో చోట పెట్టి చూసింది, మళ్లీ రక్తమే. రిపోర్టు: "రక్తం మాత్రమే, నిర్ధారణకు చాలదు". అరగంటలో చెంప ఉబ్బింది. మంచు గడ్డలు పెట్టి, గట్టిగా అదిమి పట్టి కూర్చోబెట్టాం. ప్రాణం మీదికి రాలేదు, కానీ ఆ వారం ఆ అమ్మాయి నోరు సగం కూడా తెరవలేకపోయింది. తల్లీకూతుళ్ల టెన్షన్ చూస్తే నాకు సిగ్గేసింది.

ఇలాంటి వాపుల్లో సూది పరీక్ష వల్ల పెద్ద ప్రమాదం జరగడం తక్కువే. పెద్ద నష్టం వేరే. రక్తం వచ్చింది కాబట్టి "సూది సరైన చోట పడలేదు" అనుకొని మళ్లీ మళ్లీ పొడవడం, లేదా "ఎలాగూ తీసేదే కదా" అని స్కాన్ లేకుండా నేరుగా ఆపరేషన్‌కు వెళ్లడం. పెరోటిడ్ అనుకొని తెరిచి, లోపల రక్తపు ముద్ద ఎదురైతే, దాని మీదుగానే ముఖాన్ని కదిలించే ఫేషియల్ నరం కొమ్మలు పోతుంటాయి. రక్తం కారుతుంటే నరం కనిపించదు. ఆ పరిస్థితి ఏ సర్జనూ కోరుకోడు.

మూడో రోజు వాపు చూపించుకోవడానికి వచ్చినప్పుడు తల్లి అంది: "తల వంచితే ఇంకా లావవుతుంది డాక్టర్ గారూ. తలస్నానం చేసి జుట్టు ముందుకేసి ఆరబెట్టుకుంటుంటే చూశాను. మొదటిసారి వచ్చినప్పుడే చెబుదామనుకున్నాను, మీరు తొందరలో ఉన్నారు."

నేను తొందరలో ఉన్న మాట నిజమే.

తల వంచి, పళ్లు కొరికి

అమ్మాయిని కుర్చీలో ముందుకు వంగి, తల మోకాళ్ల మీదికి దించమన్నాను. ఇరవై సెకన్లు. ఎడమ చెంప కళ్ల ముందే నిండుతూ వచ్చింది. అంతకుముందు చూపుడువేలి కొన అంత కనిపించిన వాపు కోడిగుడ్డంత అయ్యి, దవడ అంచు దాటి కిందికి వేలాడింది. లేచి కూర్చున్నాక మళ్లీ నిమిషంలోపు దిగిపోయింది. టర్కీ కోడి గొంతు కింద వేలాడే చర్మంలా ఉంటుందని దీనికి టర్కీ వాటిల్ గుర్తు అనే పేరుంది. మాసెటర్‌లోని సిరల వాపులకే ప్రత్యేకంగా చెప్పుకునే గుర్తు ఇది. సిరలకు కవాటాలు సరిగా లేవు, లేదా అసలు లేవు, కాబట్టి తల గుండె కంటే కిందికి రాగానే రక్తం వెనక్కి వచ్చి నిండుతుంది.

తర్వాత పళ్లు కొరకమన్నాను. కండరం వదులుగా ఉన్నప్పుడు పక్కలకు కదిలిన వాపు, బిగించేసరికి బిర్రుగా అయ్యి, వేలికి దొరక్కుండా నిలిచిపోయింది. పెరోటిడ్ గడ్డ అయితే కొరికినా కొరక్కపోయినా కండరం మీద కదలాలి. స్టెతస్కోప్ పెట్టి విన్నాను, శబ్దమేమీ లేదు. ధమనీ సిరా నేరుగా కలిసిన వైకల్యమైతే అక్కడ హోరు వినిపిస్తుంది, చేతికి అదురు తెలుస్తుంది. అది వేరే జబ్బు, దాని చికిత్స వేరు, దాని ప్రమాదమూ వేరు.

ఈ మూడూ కలిపి రెండు నిమిషాల పని. ఇప్పుడు నా దగ్గర చదువుకునే పీజీలకు ఓ వరస పెట్టాను: చెంప వాపుకు ముందు చెయ్యి, తర్వాత కొరకడం, తర్వాత తల వంచడం, తర్వాత అల్ట్రాసౌండ్. సూది మాట వీటన్నిటి తర్వాతే.

పాత ఎక్స్‌రే, కొత్త స్కాన్

ఆ సాయంత్రం ఓపీజీ ఫిల్మును మళ్లీ లైటుకు పెట్టి చూశాను. రెండు చుక్కలు కాదు, మూడు. మూడోది చాలా చిన్నది, మొదటిసారి ఎవరికీ ఆనలేదు. మూడూ గుండ్రంగా ఉన్నాయి, మూడూ వేర్వేరు సైజులు. పెద్దదాన్ని భూతద్దంతో చూస్తే నడుమ ఒక చుక్క, దాని చుట్టూ వలయం, మళ్లీ వలయం. ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు. ఇవి ఫ్లెబోలిత్‌లు, అంటే సిర రాళ్లు. నెమ్మదిగా కదిలే రక్తం సిరలోనే చిన్న గడ్డ కట్టి, దాని మీద పొరలు పొరలుగా సున్నం చేరి తయారవుతాయి. లాలాజల రాయి సాధారణంగా ఒక్కటే ఉంటుంది, నాళం పొడవునా సాగినట్టు ఉంటుంది. పైగా లాలాజల రాళ్లలో సుమారు 80 శాతం కింది దవడ లోపల ఉండే గ్రంథివే, పెరోటిడ్‌లో తక్కువ. పెరోటిడ్ చోట గుండ్రటి రాళ్లు ఒకటికి మించి చెల్లాచెదురుగా కనిపిస్తే ముందు సిరలనే అనుమానించాలి. నేను ఆ ఫిల్ము మీది పాత రిపోర్టును చదివాను, ఫిల్మును చదవలేదు.

అల్ట్రాసౌండ్‌లో ప్రోబ్‌తో అదిమితే కుదించుకుపోయే నల్లటి గదులు, వాటి మధ్య నీడ పడే రాళ్లు కనిపించాయి. డాప్లర్‌లో రక్త ప్రవాహం దాదాపు లేదు. శ్వాస బిగబట్టి ముక్కమంటే మెల్లగా రంగు నిండింది. "డాప్లర్‌లో ప్రవాహం లేదు" అన్న మాట చూసి సిరల జబ్బు కాదని కొట్టెయ్యడం ఇంకో సాధారణ పొరపాటు. మిషన్ పట్టుకోలేనంత నెమ్మదిగా రక్తం కదులుతూ ఉండొచ్చు.

ఎంఆర్‌ఐలో అన్నీ తేటపడ్డాయి. మాసెటర్ కండరం లోపల 4.4 × 2.8 × 2.1 సెం.మీ. వైకల్యం. టీ1 అనే రకం చిత్రంలో రంగు పక్క కండరంతో దాదాపు సమానం, అక్కడక్కడా కొవ్వు ఉన్నచోట తెల్లటి చారలు. కొవ్వును అణిచిన టీ2లో మెరిసిపోయేంత తెలుపు, ఆ తెలుపులో రాళ్లున్న చోట గుండ్రటి నల్ల మచ్చలు. కాంట్రాస్ట్ ఇచ్చాక ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా నిండింది. వేగంగా పారే ధమనులుంటే కనిపించే నల్లటి గొట్టాల్లాంటి ఖాళీలు లేవు. పెరోటిడ్ గ్రంథి దీని మీదుగా పలచగా సాగి ఉంది కానీ దానిలోకి ఏమీ చొరబడలేదు. ఎముక బాగానే ఉంది.

రక్త పరీక్షల్లో, రక్తపు గడ్డ కరిగినప్పుడు మిగిలే డీ-డైమర్ మామూలుకు దాదాపు రెట్టింపు ఉంది. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ మామూలే. సిరల వైకల్యాల్లో లోలోపలే రక్తం గడ్డకడుతూ, కరుగుతూ ఉండటం వల్ల డీ-డైమర్ పెరుగుతుంది. పెద్ద వైకల్యాల్లో ఫైబ్రినోజెన్ కూడా పడిపోయి, ఆపరేషన్ బల్ల మీద రక్తం ఆగకుండా పోయే ప్రమాదం ఉంది. చిన్న వాపే కదా అని ఈ పరీక్ష వదిలెయ్యకూడదు. ఇంకో సంగతి, అనుమానంగా ఉన్న కేసుల్లో ఇది నిర్ధారణకూ సాయపడుతుంది: శోషరస వైకల్యంలో డీ-డైమర్ సాధారణంగా పెరగదు.

పేరు తెచ్చిన చిక్కు

రేడియాలజీ రిపోర్టు చివర్లో "ఇంట్రామస్కులర్ హెమాంజియోమా" అని ఉంది. తల్లీకూతుళ్లు ఇంటికెళ్లి ఆ పేరును ఇంటర్నెట్‌లో వెతికి, రెండో రోజు ఫోన్ చేశారు. "హెమాంజియోమాకు ప్రొప్రనొలాల్ అని మాత్ర ఉందట కదా సార్, ఆపరేషన్ లేకుండా తగ్గుతుందట?"

ఆ మాత్ర గురించి వాళ్లు చదివింది నిజమే. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో, గుండె జబ్బుకు ప్రొప్రనొలాల్ ఇస్తున్న పసిబిడ్డలో ముఖం మీది హెమాంజియోమా మెత్తబడి, రంగు తగ్గడాన్ని క్రిస్టీన్ లెయోటే-లాబ్రేజ్ బృందం గమనించింది. ఆ తర్వాత పసిపిల్లల హెమాంజియోమా చికిత్సే మారిపోయింది. కానీ అది పసిపిల్లల్లో పుట్టిన కొద్ది వారాల్లో మొదలై, వేగంగా పెరిగి, తర్వాత ఏళ్ల మీద దానంతటదే కుంచించుకుపోయే నిజమైన కణితి. దాని కణాల్లో గ్లట్-1 అనే ప్రొటీన్ ఉంటుంది. ఈ అమ్మాయిది కణితి కాదు, పుట్టుకకు ముందే తప్పుగా అల్లుకున్న సిరలు. మనిషితోపాటు పెరుగుతాయి, వాటంతటవి పోవు. ఆ మాత్ర వీటి మీద పనిచేయదు.

ఈ తేడాను 1982లోనే మల్లికెన్, గ్లోవాకీ తేల్చి చెప్పారు: కణాలు విభజన చెంది పెరిగేవి ఒక తెగ, నాళాల ఆకారమే చెడినవి ఇంకో తెగ. రక్తనాళాల వైకల్యాల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఇస్‌వా వర్గీకరణ దీని మీదే నిలబడి ఉంది, 2014లోనూ 2018లోనూ దాన్ని సవరించారు. అయినా రిపోర్టుల్లో, ఓపీ చీటీల్లో "హెమాంజియోమా" అనే మాట రక్తం ఉన్న ప్రతి గడ్డకూ అంటుకుంటూనే ఉంది. కండరం లోపలి వాటి దగ్గరికొస్తే గందరగోళం మరీ ఎక్కువ. ఇస్‌వా జాబితాలో ఇంట్రామస్కులర్ హెమాంజియోమా అనేది పసిపిల్లల హెమాంజియోమాకూ, కండరంలోని మామూలు సిరల వైకల్యానికీ వేరుగా ఉంది. అందులో రక్తం వేగంగా పారుతుంది. పాథాలజీ వాళ్లు మాత్రం పాత అలవాటు కొద్దీ రెంటినీ ఒకే పేరుతో పిలుస్తారు. అలవాటును ఒక్క రోజులో మార్చలేం కానీ, చికిత్స రాసే ముందు "ఇది నెమ్మదిగా పారేదా, వేగంగా పారేదా" అని అడిగితే చాలావరకు గట్టెక్కవచ్చు.

పాత పేరుకో చరిత్ర ఉంది. మోకాలి వెనక కండరంలో ఇలాంటి గడ్డను 1843లో లిస్టన్ మొదటిసారి వర్ణించాడు. 1972లో ఆలెన్, ఎంజింగర్ 89 కేసులు పరిశీలించి, నాళాల సైజును బట్టి చిన్న నాళాలవి, పెద్ద నాళాలవి, రెండూ కలిసినవి అని విడదీశారు. మొత్తం హెమాంజియోమాల్లో కండరంలో వచ్చేవి ఒక శాతం కూడా ఉండవు. వాటిలో తల, మెడ భాగానివి ఏడో వంతు. ఆ ఏడో వంతులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మాసెటర్‌లోనే.

ఏం చేద్దాం

ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక దారే అని ముందే చెప్పాను. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. నొప్పి లేకుండా, చూడ్డానికి ఎబ్బెట్టుగా లేకుండా ఉంటే ఏడాదికోసారి చూసుకుంటే చాలు. కానీ ఆమెకు రోజూ సలుపు ఉంది, సలిపినప్పుడల్లా మాత్ర వేసుకుంటోంది. తల్లికి ఇంకో భయం: "రేపు కడుపు పండితే పెరుగుతుందా?" పెరగొచ్చు. యుక్తవయసులోనూ గర్భంలోనూ సిరల వైకల్యాలు ఉబ్బడం తెలిసిన విషయమే.

మిగిలినవి రెండు: సూదితో మందు ఎక్కించి సిరలను మూసే స్క్లీరోథెరపీ, కోసి తీసెయ్యడం. ఎక్కువ చోట్లకు పాకిన, నొప్పితో కూడిన వైకల్యాలకు సిరోలిమస్ మాత్రలు కూడా వాడుతున్నారు కానీ ఒకే కండరంలో ఉన్న దీనికి అంతవరకు వెళ్లాల్సిన పని లేదు.

ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టూ నేనూ కూర్చొని ముందు స్క్లీరోథెరపీ అని తేల్చుకున్నాం. మచ్చ ఉండదు, ఫేషియల్ నరం జోలికి పోము. మందుగా 3 శాతం సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్ ఎంచుకున్నాం. ఆల్కహాల్ ఇంకా బలంగా పనిచేస్తుంది, కానీ నరం ఇంత దగ్గర ఉన్నచోట నాకు దాని మీద నమ్మకం లేదు. నరం చచ్చుబడటం, చర్మం కుళ్లడం దాని వల్ల జరిగేవే. బ్లియోమైసిన్‌కు వాపు తక్కువే కానీ మొత్తం డోసు లెక్క పెట్టుకోవాలి, ఊపిరితిత్తుల మీద దాని ప్రభావం మరిచిపోకూడదు.

మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్ చూస్తూ సూది దించితే నల్లటి రక్తం మెల్లగా తిరిగొచ్చింది. మందు కంటే ముందు కాంట్రాస్ట్ ఎక్కించి రక్తం ఎటు పోతోందో చూశాం. ముఖం సిరలు కంటి సిరల ద్వారా మెదడు కింద సిరల రక్తం చేరే కావర్నస్ సైనస్‌తో కలుస్తాయి. కాంట్రాస్ట్ కంటి వైపు పరుగెత్తితే ఆ రోజుకు సూది తీసెయ్యడమే. ఇక్కడ అలా జరగలేదు, దవడ వెనక సిరలోకి నెమ్మదిగా జారింది. రెండు సిరంజిల మధ్య మందునూ గాలినీ అటూ ఇటూ తోసి నురగ చేసి, 4 మి.లీ. ఎక్కించాం. ఎనిమిది వారాల తర్వాత మళ్లీ ఒకసారి.

వాపు సగానికి పైగా తగ్గింది. తల వంచినా చెంప అంతగా నిండేది కాదు. కానీ రాళ్లున్న వెనక ముక్క గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా మిగిలిపోయింది. నమిలినప్పుడల్లా ఆ రాయి కండరంలో గుచ్చుకుంటున్నట్టు ఉందని చెప్పేది. మందు సిరను మూస్తుంది, రాయిని కరిగించదు. ఇది ముందే ఊహించాల్సింది. పెద్ద రాళ్లు నొప్పికి కారణమనిపిస్తే, ఆపరేషన్ మాట మొదటి రోజే రోగితో మాట్లాడటం మంచిదని ఇప్పుడు అనుకుంటున్నాను. రేడియాలజిస్టు దీనికి ఒప్పుకోడు. రెండు విడతల వల్లనే తీయాల్సిన ముక్క చిన్నదైందని అతని వాదన. అదీ నిజమే. కాకపోతే మందు తగిలిన చోట కండరం, నరం, గ్రంథి ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి, వాటిని విడదీసే కష్టం నాది.

ఆపరేషన్

రెండో విడత తర్వాత ఐదు నెలలకు చేశాం. నోటి లోపలి నుంచి వెళ్తే బయట మచ్చ పడదు, కానీ వెనక ముక్క దాకా చూపు ఆనదు, రక్తం వస్తే ఆపడం కష్టం. కాబట్టి పెరోటిడ్‌కు వేసే కోతే వేశాను: చెవి ముందు నుంచి, తమ్మె కింద తిరిగి, మెడ ముడతలోకి. నరం మానిటర్ పెట్టుకున్నాం.

చర్మం పొరను ముందుకు ఎత్తాక, పెరోటిడ్ ముందు అంచు దగ్గర నరం కొమ్మలను వెతికి పట్టుకున్నాను. నాళం వెంబడే చెంప వైపు పోయే ఒక బక్కల్ కొమ్మ, దాని కింద ఇంకోటి. కింది కొమ్మ కండరం పొరకు అతుక్కుపోయి ఉంది, మందు ప్రభావమే. దాన్ని విడదీయడానికే ముప్పావు గంట పట్టింది.

కండరం కనిపించాక అసలు చిక్కు మొదలైంది. రక్తం తగ్గడానికి బల్ల తల వైపు ఎత్తి పెట్టాం. దాంతో సిరలన్నీ ఖాళీ అయి, ఏది వైకల్యమో ఏది మామూలు కండరమో తేడా తెలియలేదు. అంతా ఒకే ముదురు ఎరుపు. మత్తు డాక్టరును అడిగి బల్లను తల కిందికి దింపించాను. పది, పదిహేను సెకన్ల తర్వాత కండరం పోగుల మధ్య నుంచి నీలపు బుడగలు ఒక్కొక్కటే ఉబికి వచ్చాయి, పలచటి గుడ్డ కింద ద్రాక్షలు తేలినట్టు. వాటి చుట్టూ కరెంటుతో కాల్చే బైపోలార్‌తో చిన్న చిన్న చుక్కలు కాల్చి హద్దు గుర్తు పెట్టుకొని, మళ్లీ తల ఎత్తించాను. అలా నాలుగుసార్లు దింపాం, ఎత్తాం. హద్దుకు బయట అర సెంటీమీటరు మంచి కండరం కలుపుకొని, ముక్కగా తీశాను. సిరలను కండరంలోంచి ఒలిచి తీయాలని చూస్తే రక్తమూ పోతుంది, మిగిలిన సిరలు మళ్లీ పెరుగుతాయి. మాసెటర్ లోతు పొర అలాగే ఉంచాను. దవడ ఎముక గంటు దగ్గర, మాసెటర్‌కు వెళ్లే నరం ప్రవేశించే చోట ఒక చిన్న నీలపు మూల మిగిలింది. దాని కోసం ఇంకా లోపలికి పోవడం నాకు సమంజసం అనిపించలేదు, వదిలేశాను. పోయిన రక్తం 150 మి.లీ. లోపే.

తీసిన ముక్కను బల్ల మీద నిలువునా కోస్తే పెద్ద రాయి కత్తికి టక్కుమని తగిలింది. మిరియం గింజంత, పసుపు కలిసిన తెలుపు, నున్నగా ఉంది.

పాథాలజీలో కండరం పోగుల మధ్య పలచటి గోడలతో వెడల్పైన సిరలు, వాటి గోడల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా నునుపు కండరం, కొన్నిటిలో పాతబడిన గడ్డలు, చుట్టూ కొవ్వు. గ్లట్-1 లేదు. కణ విభజన జాడ లేదు. రిపోర్టు పైన శీర్షిక మాత్రం మళ్లీ "ఇంట్రామస్కులర్ హెమాంజియోమా, కావర్నస్ రకం", అంటే పెద్ద నాళాలది. పాథాలజిస్టుకు ఫోన్ చేసి, బ్రాకెట్లో సిరల వైకల్యం అని కూడా రాయమన్నాను. రాసింది, నవ్వుతూనే.

తర్వాత

మొదటి రోజు సాయంత్రం నవ్వమంటే ఎడమ పై పెదవి సరిగా లేవలేదు. అతుక్కున్న కొమ్మను విడదీసినప్పుడు లాగిన ఫలితం. నరం తెగలేదని తెలుసు కాబట్టి తిరిగొస్తుందనే చెప్పాను, అయినా ఆ ఏడు వారాలు ఆమె కంటే నేనే ఎక్కువసార్లు లెక్కపెట్టుకున్నాను. ఏడో వారానికి పూర్తిగా వచ్చింది. వారం తర్వాత 22 మి.మీ. మాత్రమే తెరుచుకున్న నోరు, రోజూ వ్యాయామంతో రెండో నెలకు 41కి చేరింది. గాయంలో లాలాజలం చేరలేదు. కొరికేటప్పుడు ఎడమ చెంపలో చిన్న గుంట కనిపిస్తుంది, కండరం పోయిన చోటు అది. ఆ గుంట పడుతుందని ముందే చెప్పాను కానీ, అద్దంలో చూసుకున్నాక మళ్లీ ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడాల్సి వచ్చింది.

ఆలెన్, ఎంజింగర్ లెక్కల్లో పెద్ద నాళాల రకం 9 శాతం కేసుల్లో తిరిగొచ్చింది, చిన్న నాళాలది 20 శాతం, కలిసినవి 28 శాతం. నేను ఒక మూల వదిలేశాను కాబట్టి మా కేసుకు ఆ 9 శాతం ధీమా పూర్తిగా వర్తించదని వాళ్లకు దాచకుండా చెప్పాను. 14 నెలలకు తీసిన ఎంఆర్‌ఐలో దవడ గంటు దగ్గర 8 మి.మీ. తెల్లటి చుక్క ఉంది. నొప్పి లేదు. డీ-డైమర్ మామూలుకు దిగింది. దాన్ని అలాగే వదిలి, ఏడాదికోసారి చూస్తున్నాం. గర్భం అనుకుంటే ముందుగా ఒకసారి వచ్చి కనిపించమన్నాను.

ఆమె ఇప్పుడు వచ్చినప్పుడల్లా నేను అడగకముందే కుర్చీలో కూర్చొని, జుట్టు ఒక పక్కకు లాక్కొని, తల మోకాళ్ల మీదికి వంచుతుంది. "ఇరవై లెక్కపెట్టండి సార్" అంటుంది. లెక్కపెడతాను.